మూఢంలో ఇన్‌స్టాలేషన్

కంప్యూటర్ల జబ్బేమిటో, వచ్చిన కాసేపటికే కలీంకి తెలిసిపోయింది. అయినా పైకి చెప్పలేదు.

గుంటూరులో జయరావు గారి డిజైన్ ఆఫీసుకు రెండు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. బొమ్మలు గీసేది విండోస్‌ది, లెక్కలు కట్టేది లినక్స్‌ది. రెంటికీ కుంకుమ బొట్లు. కట్టడానికి ఇనుమెంత కావాలో తేల్చే సాఫ్ట్‌వేరు రెంటిలోనూ పెట్టారు. రెంటిలోనూ లైసెన్సు చెల్లదంటూ మూసుకుపోతోంది. దాన్ని అమ్మిన కంపెనీ తరఫున బాగుచేయడానికి వచ్చినవాడు కలీం.

రెండేళ్ల కిందట అతను ఇదే గదిలో ఇంజనీరు. చిలకలూరిపేటలో అంకమ్మరావు గారి జిన్నింగ్ మిల్లుకు పత్తి గోడౌను గీశారు. తొలి వానకే కప్పు కుంగింది. "మా కలీం లెక్క తప్పాడండీ" అన్నాడు జయరావు, మిల్లు ఆవరణలో అందరి ముందూ. కలీం రాసిన దూలాల మందం తగ్గించింది నిజానికి జయరావే. ఆ మిల్లులో మేస్త్రీగా చేసే కలీం తండ్రి ఖాదర్ వలి పత్తి బేళ్ల పక్కన తల వంచుకు నిలబడ్డాడు. తర్వాత కొడుకు ఎంత మొత్తుకున్నా అవుననలేదు, కాదనలేదు. అప్పట్నుంచీ కలీం ఏ పనికి బయల్దేరినా, "ఈసారన్నా సరిగ్గా చూసుకోరా" అంటాడు. ఆ 'ఈసారన్నా' అన్నంలో రాయిలా తగులుతుంది.

"ఏమయ్యా, తేలిందా?" అన్నాడు జయరావు. "అంకమ్మరావు గారు వచ్చే వేళైంది. మిర్చి కోల్డ్ స్టోరేజీ డిజైను చూపించాలి. ఈ పని పోయిందంటే ఆఫీసుకి తాళమే."

"చూస్తున్నా సార్."

చూస్తున్నట్టే చేశాడు. విండోస్‌లో సాఫ్ట్‌వేరు తీసేసి మళ్లీ ఎక్కించాడు. యాంటీవైరస్ ఆపాడు. లినక్స్ వైపు తిరిగి ఫోల్డర్ల అనుమతులు మార్చాడు. ఇవేవీ మందు కాదని తెలిసే చేశాడు. ఫైళ్ల మీద వచ్చే నెల తేదీలున్నాయి. కంప్యూటర్లు వచ్చింది శుక్ర మూఢంలో. కొత్త పని మొదలెట్టకూడదని జయరావు రెంటిలోనూ తేదీని మూఢం వెళ్లాక వచ్చే మంచిరోజుకు మార్చి, కొబ్బరికాయ కొట్టి, ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ వెనక్కి తెచ్చుకున్నాడు. దేవుడు ఊరుకున్నా లైసెన్సు ఊరుకోదు. తేదీ వెనక్కి తిప్పినవాణ్ణి అది దొంగ కిందే జమ కడుతుంది.

జయరావు చెమటలు కక్కుతూ కూడా టేబుల్ ఫ్యాను కలీం వైపు తిప్పాడు. పగకు ఇలాంటి చిన్న మంచితనాలే అడ్డమొస్తాయి. కలీం ఆ గాలి తగలకుండా కుర్చీ పక్కకు జరుపుకున్నాడు.

అంకమ్మరావు రానే వచ్చాడు. "ఏమండీ జయరావు గారూ, బొమ్మేదీ? కరెంటు లేదా?"

"కరెంటుకేమండీ! ఈ కుర్రాడే, పొద్దుట్నుంచీ కెలుకుతున్నాడు. మీకు తెలిసిందేగా, వీడి చేతిలో ఏ పనీ..."

కలీం లేచాడు. ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టుంది అతనికి.

"నా చేతిలో ఏం లేదండీ. మూఢం తప్పించుకోవాలని సారు కంప్యూటర్లో నెల ముందుకెళ్లి వచ్చారు. లైసెన్సు పట్టేసుకుంది."

అంకమ్మరావు విరగబడి నవ్వాడు. "శుక్రుడికి ఉన్నదే ఒక కన్ను. దాన్లోనూ కారం కొట్టారటండీ!"

"అయిందేదో అయింది. బాగుచెయ్యవయ్యా" అన్నాడు జయరావు.

"చేస్తా. ఆ ఫైళ్లు తుడిచి, కొత్త లైసెన్సు నేనే ఇప్పించాలి. ముందు గోడౌను దూలాలు తగ్గించిందెవరో చెప్పండి సార్."

జయరావు అంకమ్మరావును చూశాడు. నల్లగా ఉన్న తెరను చూశాడు.

"నేనే" అన్నాడు. "ఇనుము ఎక్కువైతే మీరు ఇంకొకరి దగ్గరికి పోతారని..."

అంకమ్మరావు నవ్వు ఆగిపోయింది. "ముందు డిజైను చూపించండి. దాని సంగతి తర్వాత."

కలీం విండోస్‌ని బాగుచేశాడు. కోల్డ్ స్టోరేజీ తెరమీద లేచి నిలబడింది.

"మరి లెక్కలు?" అన్నాడు జయరావు, లినక్స్ మిషను వైపు చూస్తూ.

"దాని లైసెన్సు రేపు పేటలో, మిల్లు దగ్గర ఇస్తా సార్. ఇదే మాట మీరు మా నాన్నకి చెప్పాక."

మర్నాడు జయరావు మిల్లు గేటు దగ్గర కారు దిగాడు. ఖాదర్ వలి ఆయనకు కుర్చీ వేయించాడు. ఆయన జుట్టుమీద వాలిన పత్తి పింజను తనే తీశాడు. టీ తెప్పించాడు. కలీంకి ఒళ్లు మండింది. ఈ మర్యాదలకా తను ఇంత చేసింది?

"తప్పు మీవాడిది కాదు, వలి గారూ. నాది" అన్నాడు జయరావు, గ్లాసులోకి చూస్తూ.

ఖాదర్ వలి కొడుకు వంక చూశాడు. "నువ్వు చెప్పావురా. నేనే వినలా." తర్వాత జయరావు వైపు తిరిగాడు. "ఇక్కడ కాదు సార్, లోపలికి రండి. ఆ రోజు మిల్లంతా విన్నది."

"లోపల మిషన్ల రొదలో ఏం వినపడుతుందండీ?"

"ఆపిస్తా. ఓనరు గారు తిడితే నేను పడతా."

జిన్నింగ్ మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కూలీలు మూతికి కట్టుకున్న గుడ్డలు విప్పుకుంటూ చుట్టూ చేరారు. జయరావు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"గట్టిగా, సార్" అన్నాడు ఖాదర్ వలి.

కలీం పత్తి బేలు మీద కూర్చుని, లైసెన్సు ఇవ్వడానికి ల్యాప్‌టాప్ తెరిచాడు.