నా పేరు పలికిన గొంతు

నా భార్య సుక్కమ్మ పోయాక ఆమె గొంతు నాకు ఒక్క క్యాసెట్‌లోనే మిగిలింది. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానని దాన్ని అల్లుడు తీసుకుపోయాడు.

మాది శామీర్‌పేట చెరువు దాటి మేడ్చల్ పోయే దారిలో ఊరు. ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు జలీల్ తన టేప్‌రికార్డర్ తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. జలీల్ ద్రాక్ష వ్యాపారి. మా తోట పండు ఏటా అతనే కొనేవాడు. ఆ సాయంత్రం సుక్కమ్మ పాట ఎత్తుకుంది, మిగతా ఆడవాళ్లు అందుకున్నారు. ఊళ్లో ఒక్కొక్క ఇల్లూ, ఆ ఇంటాయన పేరూ వరసగా వచ్చే పాట. సుక్కమ్మ తనే కట్టుకుంది. మధ్యలో ఒక చోట పాట ఆపి నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే నేను ఆ క్యాసెట్ వేసేవాణ్ణి.

వేసీ వేసీ టేపు అరిగింది. గొంతు అక్కడక్కడ వంకర పోయేది. అది చూసి హేమచంద్ అడిగాడు. హేమచంద్ నా బిడ్డ స్వరూప భర్త. గుంటూరు నుంచి వచ్చి అల్వాల్‌లో ఉంటున్న కుటుంబం. కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. మాట మెత్తన. స్వరూప అతన్ని పేరు పెట్టే పిలుస్తుంది.

"ఇలాగే వేస్తుంటే ఏదో ఒక రోజు తెగిపోతుంది మామయ్య గారూ. నాకివ్వండి. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఎన్నిసార్లు విన్నా అరగదు."

ఇచ్చాను. స్వరూప పక్కనే ఉంది.

"పైలం బిడ్డా," అన్నాను.

"నాకు తెల్వదా నాయినా? మా అమ్మది గాదా?" అంది.

తర్వాత అడిగినప్పుడల్లా ఒక సాకు. ఆఫీసులో పని. వైరు దొరకలేదు. ఇల్లు మారుతున్నాం. మారారు కూడా, కౌకూర్‌లో కొత్త కాలనీకి. నేను అడగడం ఆపలేదు. చివరికి ఒక ఆదివారం ఇద్దరూ తమ పాత కంప్యూటర్‌ను ఆటోలో వేసుకుని వచ్చారు. ముందు గదిలో కుట్టుమిషన్ పక్కన పెట్టి ఫోన్ వైరు తగిలించారు. హేమచంద్ తెర మీద చిన్న బొమ్మ చూపించాడు. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో సుక్కమ్మ అని ఉంది. ఊరి బడిలో నేర్చిన అక్షరాలతో కూడబలుక్కుని చదివాను.

నొక్కాను. పాట రాలేదు.

"ఇది మా ఆఫీసు రికార్డర్ రకం ఫైలు. ఈ పాటల ప్లేయర్ దీన్ని చదవాలంటే దానికి ఇంకో చిన్న ప్రోగ్రాం తగిలించాలి. యాడాన్ అంటారు. నెట్‌లో ఊరికే దొరుకుతుంది," అంటూ హేమచంద్ ఏదో నొక్కాడు. ఫోన్ లైను కీచుమంది. కాసేపటికి తెర మధ్యలో ఒక ఎర్ర పెట్టె వచ్చి నిలబడింది.

"అయ్యో, సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఆపేసింది. అందులో వైరస్ ఉందనుకుంటోంది."

"లేదని జెప్పు దానికి."

"చెబితే వినదు మామయ్య గారూ. కంప్యూటర్‌కి అది కాపలా. మన మంచికే."

"తీసెయ్ మరి."

"తీసేస్తే కంప్యూటరే పాడైపోతుంది. అప్పుడు పాటా ఉండదు."

స్వరూప వంటింట్లోకి పోయింది. చాయ్ పెట్టడానికి అనుకున్నాను.

వాళ్లు పోయాక రోజూ అదే పని నాకు. నెట్ కలపడం, యాడాన్ ఉన్న చోటు నొక్కడం, ఎర్ర పెట్టె రావడం. అల్లుడికి ఫోన్ చేస్తే కొత్త వెర్షన్ వస్తుందన్నాడు. అది వచ్చాక ఒప్పుకుంటుందన్నాడు. నమ్మాను. నా కోపమంతా ఆ ఎర్ర పెట్టె మీదే. దాన్ని నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. సుక్కమ్మ ఆ పెట్టె వెనకే ఉందని, అది పక్కకు జరిగితే చాలని అనుకునేవాణ్ణి.

ఒకనాడు జలీల్ వచ్చాడు. నేను తెరను తిడుతుంటే విన్నాడు.

"ఎవలను తిడుతున్నవ్ నర్సయ్యా? ఇంట్ల ఎవ్వలు లేకపాయె."

చెప్పాను.

"అరే, నా గోదాం చౌకీదారు గూడ గంతేనయ్యా. దొంగలొస్తే పండుకుంటడు. నేను పోతే మాత్రం కౌన్ హై అని కట్టె లేపుతడు." నవ్వాడు. నేను నవ్వలేదు. "పరేషాన్ గాకు. మా సైదా బడిల కంప్యూటర్లే చెప్తది. తోల్కొస్త."

సైదా జలీల్ పెద్ద బిడ్డ. మేడ్చల్‌లో ప్రైవేటు బడిలో టీచరు. మరుసటి శుక్రవారం తండ్రితో వచ్చింది. ఎర్ర పెట్టె రాగానే అందులో రాసింది చదివింది. ఇంకేవో తెరిచి చూసింది. కుర్చీ నా వైపు తిప్పింది.

"గిది వైరస్ అని ఆపుతలేదు కాకా. యాడాన్లు దొరికే జాగలన్ని బంద్ చెయ్యుమని దీనికి ఎవలో చెప్పి పెట్టిండ్రు."

"ఎవలు?"

"కంప్యూటర్ ఎవలిచ్చిండ్రో వాళ్లే గావచ్చు. చెప్పింది తీసెయ్యాల్నా?"

"తియ్యి."

తీసేసింది. ఎర్ర పెట్టె రాలేదు. యాడాన్ దిగింది. ప్లేయర్‌కు తగిలించింది. "నువ్వే నొక్కు కాకా," అని లేచి నిలబడింది.

నొక్కాను.

మొదటి వరస వచ్చింది. సుక్కమ్మే. పదం చివర గొంతు పైకి లేపి వదిలే తీరు ఆమెదే. జలీల్ బీడీ ఆర్పేశాడు. వెనక అందుకునే ఆడవాళ్లు వినిపించలేదు. టేపులో బాగాలేనివి అల్లుడు తీసేశాడేమో అనుకున్నాను. కుర్మయ్య ఇల్లు వచ్చింది. లింగస్వామి ఇల్లు వచ్చింది.

"నర్సయ్య సేన్లోన ఉయ్యాలో, తంగేడు పూసింది ఉయ్యాలో."

లేచి నిలబడ్డాను.

ఆమె నవ్వే చోటు అదే. అక్కడ వచ్చేది నా పేరు. మా ఆడవాళ్లు మొగుడి పేరు నోట తీయరు. సుక్కమ్మ పెండ్లినాటి నుంచి పోయేదాకా తీయలేదు. ఆస్పత్రిలో నర్సు మీ ఆయన పేరేమిటని అడిగితే గోడ మీద నరసింహస్వామి పటం చూపించింది. పాటలో మా ఇల్లు రాగానే ఆగేది, నవ్వేది. మిగతా ఆడవాళ్లు నా పేరు పెట్టి అరిచేవాళ్లు. ఈ గొంతు ఆగలేదు. నా పేరు నున్నగా పలికి పక్కింటికి పోయింది.

"గిది భాభీ గాదు," అన్నాడు జలీల్ మెల్లగా.

కాదు. అది మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే ఆడదాని గొంతు. అక్కడ ఆగాలన్న సంగతే ఆమెకు తోచలేదు. అది స్వరూప గొంతు.

అప్పుడే బస్సెక్కి కౌకూర్ పోయాను. తలుపు తీసింది హేమచంద్.

"రండి మామయ్య గారూ, చెప్పకుండా వచ్చారే, కూర్చోండి."

"క్యాసెట్ ఏది?"

"ఫైలు తెరుచుకుందా ఏంటి?"

"క్యాసెట్ ఏది?"

అతను లోపలికి చూశాడు. స్వరూప వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇల్లు మారేటప్పుడు పాత క్యాసెట్ల డబ్బా మొత్తం పాత సామాన్లవాడికి వేసేశామండీ," అన్నాడు. "అందులో పోయింది. తర్వాత చాలా వెతికాను."

"వైరస్ అని జెప్పినవ్ గదా నాకు."

స్వరూప మాట్లాడింది.

"హేమచంద్‌ను అనకు నాయినా. ఆపి పెట్టుమన్నది నేనే. క్యాసెట్ పోయిందంటే నువ్వు తట్టుకోవనుకున్న. అమ్మ పాట నాకు మొత్తం యాదికున్నది. నేనే పాడిన. హేమచంద్ రికార్డ్ జేసిండు. ఇన్నంక నాకే బుగులైంది, నువ్వు గుర్తు పడ్తవని. పాట ఇంట్ల ఉన్నదంటే నువ్వు నిమ్మలముంటవు, తెరుసుకోకుంటే ఇగ తెల్వదు అనుకున్న."

"పోయిందని జెప్తే ఏడుస్తుంటి. నాకు ఏడ్సుడు రాదా?"

"నీ మంచికే జేసిన."

"నీ మొగుడు గూడ గదే జెప్పిండు."

ఏడవడం మొదలుపెట్టింది. హేమచంద్ మంచినీళ్లు తెచ్చాడు. నేను తీసుకోలేదు.

"ఒక్కటి జెప్పు నాయినా," అంది స్వరూప. "అమ్మ తీరుగ లేకుండెనా?"

"ఉండె," అన్నాను. "అందుకే నీ గడప తొక్క ఇగ."

వచ్చేశాను. కంప్యూటర్‌ను జలీల్ తీసుకుపోయి వాళ్లింటికి చేర్చాడు. వాళ్లది చిన్న తప్పే, ప్రేమతో చేశారు అని అతను రెండు మూడు సార్లు అన్నాడు. నాలుగోసారి అనకుండా చేశాను.

క్యాసెట్ పోవడం పెద్ద సంగతి కాదు. వస్తువులు పోతాయి. అది లేకపోయినా పాట నా చెవిలో ఉండేది. తోటలో పని చేస్తూ తలుచుకుంటే వచ్చేది. నవ్వుతో సహా వచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే కుర్మయ్య ఇల్లు వస్తుంది, లింగస్వామి ఇల్లు వస్తుంది, ఆ తర్వాత ఎవరూ ఆగరు. నా పేరు నున్నగా వస్తుంది. ఎంత బలవంతం చేసినా నవ్వు రాదు. ఒక్కసారే విన్నాను. అంతే చాలింది.

స్వరూప ఫోన్ చేస్తూనే ఉంటుంది. ఎత్తగానే "నాయినా" అంటుంది. మాట చివర గొంతు పైకి లేపి వదులుతుంది.

పెట్టేస్తాను.