నీటెలుక భోంచేసిన రాయి

మెక్సికోలోని ఓహాకా కొండల్లో ఆ ఏడు కాఫీ కోతలు మొదలయ్యేనాటికి హెర్మిలో చేతిలో ఉన్నవి: వాగు నీళ్లు మళ్లించి తవ్వుకున్న గుంట, అందులో మూడు వందల ట్రౌట్ చేపలు, గుంటకు పైన వాలులో కాఫీ తోట. నెత్తిన ఉన్నది ఊరి పండుగ పెద్దరికం. మార్చిలో సాన్ హోసె పండుగ ఈస్టర్ ముందరి నలభై రోజుల ఉపవాసాల మధ్యన వస్తుంది కనుక మాంసం పనికిరాదు; ఇంటికొక చేప పెట్టాలి. పెట్టలేకపోతే ఆ మాట మనవల దాకా వెంటాడుతుంది.

జనవరిలో చేపలు వెల్లకిలా తేలడం మొదలైంది. రోజుకు నాలుగైదు.

"నీటెలుక పనే. ఆ మీసాలు చూస్తేనే తెలియట్లేదూ, దొంగని!" అంటూ హెర్మిలో బోను బుట్ట అల్లాడు.

భార్య ఒదిలియా నవ్వింది. "పిడికెడంత ఎలుక. ఐదు చేపల్ని చంపి, ఒక్కటీ కొరక్కుండా పోతుందా? నీకంటే ధర్మాత్మురాలేనయ్యా!"

"నువ్వు దాని తరఫా?"

"మా అమ్మమ్మ కాలంలో మడుగుకొకటి ఉండేదట. ఇప్పుడు ఏడాదికొకటి కనబడితే గొప్ప. దాన్నీ వెతికి చంపు."

నీటెలుక ఎప్పుడూ ఒకే రాయెక్కి తింటుంది; ఆ రాయి పక్కనే బోను పెట్టాలని హెర్మిలో వాగు వెంట పైకి ఎక్కాడు. గుంట దగ్గర రాళ్ల మీద ఏమీ లేదు. ఇంకాస్త పైనా లేదు, రాళ్లన్నీ జిగురు. కాఫీ పండ్లు తొక్కు తీసి కడిగే తన తొట్టి దాటిన పది అడుగులకే, నున్నటి రాయి మీద రొయ్య డొల్లలు, నీటిపురుగుల కాళ్లు, తాజా పెంటికలు.

అక్కడే గొంతుక్కూర్చున్నాడు. పైన తిండీ ఉంది, ఎలుకా ఉంది. కింద రెండూ లేవు. మధ్యలో ఉన్నది తన తొట్టి, అందులోంచి వాగులోకి జారే పులిసిన తొక్కునీళ్లు. పండ్లు పైనే కడిగితే కంచరగాడిదకు బరువు తగ్గుతుందని లెక్కేసి అక్కడ కట్టింది తనే.

దిగొచ్చి, "దొంగ దొరికాడే," అన్నాడు.

"ఎలుకేనా?"

"మీసాలైతే ఉన్నాయి," అని తన మీసం తడుముకున్నాడు.

మర్నాడే తోట మధ్య గొయ్యి తవ్వి, తొక్కునీళ్లు అందులోకి మళ్లించాడు.

పోయినవి: నూట అరవై చేపలు, గొయ్యికి అడ్డొచ్చిన పన్నెండు కాఫీ చెట్లు, ఒదిలియా గుడ్లు పెట్టుకోవడానికని లాక్కున్న బోను బుట్ట. దక్కినవి: నూట ముప్పై ఎనిమిది గడపలకు తలా ఒక చేప, పైన రెండు మిగులు, ఏప్రిల్లో తొట్టికి దిగువ రాయి మీద మొదటి రొయ్య డొల్ల.