కొట్టేసిన ఎత్తు

చదరంగంలో లచ్చయ్యది దుడుకు పద్ధతి. ఏ ఎత్తు తలచినా, దానికి ఎదుటివాడి దగ్గర ఒక్క చెడ్డ జవాబు కనబడితే చాలు, ఆ దారిని అక్కడే కొట్టేసేవాడు. ఆ తర్వాత ఏముందో తొంగి కూడా చూడడు. అన్నీ చూస్తూ కూచుంటే ఆట ఎప్పటికి తెగుతుంది మరి! ఆ పద్ధతితోనే అచ్చంపేట చుట్టుపక్కల ఊళ్లన్నిటినీ ఓడించాడు.

నిజాం రాజ్యం పోయి పదేళ్లయినా అడవి రేంజరంటే అక్కడ అందరికీ హడలే. నాగలి కోసం టేకు చెట్టు నరికిన లచ్చయ్య, గాజులమ్మే మక్సూద్ ఇంటి అటక మీద దాక్కున్నాడు. పొద్దుపోక ఇద్దరూ చదరంగం ఆడుతున్నారు.

ఒక పొద్దున లచ్చయ్య భార్య దగ్గర్నుంచి మంత్రసాని ఈదమ్మ వచ్చి కింద నుంచే చెప్పింది. "అమృతకు బిడ్డ అడ్డం తిరిగింది. ఇగ నా చేతుల్ల లేదు. దవాఖానకు తీస్కపోవాలె."

మక్సూద్ రేంజర్ జీపు అడగడానికి పరుగెత్తాడు. తిరిగొచ్చి అటకెక్కి, "లచ్చయ్య వచ్చి దొరికితేనే జీపు కదుల్తదన్నడు," అన్నాడు.

లచ్చయ్యకు కాళ్లూ చేతులూ ఆడలేదు. బుర్ర మాత్రం అలవాటు మానలేదు. ఎడ్లబండి కడితే? పొద్దుగూకుతుంది, భార్య అందాకా ఉండదు. మంచం మీద మోసుకుపోతే? ఇంకా ఆలస్యం. తను పోయి దొరికితే? జైలు. మూడూ కొట్టేశాడు.

"ఎత్తు లేదు భాయ్. పోయి దొరికితే జైలే," అన్నాడు.

"జైలు అన్నవు. ఆ తర్వాత?"

"జైలు తర్వాత ఇంకేముంటది?"

"నీకు జైలే. మరి చెల్లె అమృతకు?"

జైలు తర్వాతి ఎత్తు వైపు లచ్చయ్య అప్పటిదాకా చూడనే లేదు. "దవాఖాన్ల ఉంటది," అన్నాడు మెల్లగా. సిగ్గుతో తల వాల్చి అటక దిగాడు.

రేంజర్ అతని చేతులు కట్టి, జీపులో అమృత పక్కనే కూచోబెట్టాడు. నొప్పి కాస్త ఆగినప్పుడు ఆమె ఆ తాడు చూసింది.

"ఎందుకొచ్చినవయ్యా? భయమైతలేదా?"

"అయితాంది."

దవాఖాన ముందు ఆమెను దించుకుని లోపలికి తీసుకుపోయారు. లచ్చయ్య లేవబోతే రేంజర్ వెంట వచ్చిన జవాను భుజం నొక్కి కూచోబెట్టాడు. జీపు ఠాణా వైపు తిరిగింది. లోపల ఏమైందో ఎవరైనా వచ్చి చెబితేనే అతనికి తెలిసేది. వచ్చేవాళ్ల మొహం ఎలా ఉంటుందోనని అతనికి ఇప్పటినుంచే భయం పట్టుకుంది.