అర్థం చెప్పనిదే మార్కుల్లేవు

తప్పు కనిపిస్తే నోరు మూసుకుని ఉండడం నాకు చేతకాదు. టెక్కలిలో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పాను. రిటైరయ్యాక దిద్దడానికి పిల్లలు లేక పెద్దవాళ్ల మీద పడ్డాను. మా చర్చి సెక్రటరీ రూబెన్ ఆరాధన కాగితాలు అచ్చేయించి తెస్తే అక్కడే పెన్ను తీసి దిద్ది చేతిలో పెట్టాను. శుభలేఖలు పట్టుకొచ్చినవాళ్ల ముందే శుభలేఖలు దిద్దాను. మెల్లగా అవి రావడం మానేశాయి. మగ్దలీన టీచరంటే అందరికీ గౌరవమే. ఆ గౌరవంతోనే దూరంగా నడిచేవారు. పెళ్లి చేసుకోలేదు, తోబుట్టువులు లేరు. ఆదివారం వందనాలయ్యాక మళ్లీ ఆదివారం దాకా నాతో మాట్లాడే మనిషే ఉండేవాడు కాదు.

వైకుంఠరావుగారు దొరికింది కూడా దిద్దబోతేనే. గ్రంథాలయంలో పెద్ద డిక్షనరీ ముందు కూర్చుని ఒకాయన నోటుబుక్కులో మాటలు ఎక్కించుకుంటున్నారు. వెనకనుంచి చూసి, మూడో మాట తప్పన్నాను. ఆయన కోపగించుకోలేదు. పక్క కుర్చీ లాగి, “ఇంకేటేటి తప్పులున్నాయో సూడండి” అన్నారు.

ఆయనది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరించే సూపర్వైజరుగా చేసి మానేశారు. భార్య జగదాంబ పోయాక ఫోన్లో స్క్రాబుల్, అదే ఇంగ్లీషు అక్షరాలు పేర్చి మాటలు కట్టే ఆట, పట్టుకున్నారట. ఆ ఆటలో నెగ్గాలంటే ఎవరూ వాడని మాటలు కావాలి. వాటికోసమే బస్సెక్కి ఇంత దూరం వచ్చారు.

నా దగ్గర ఆ ఆట అట్ట, అక్షరాల బిళ్లలు ఉన్నాయి. శనివారం శనివారం మా ఇంటి వసారాలో ఆట మొదలైంది. ఇల్లు నాది కనుక నియమం కూడా నేనే పెట్టాను. మాట పేర్చినవాళ్లు దాని అర్థం పుస్తకం చూడకుండా తెలుగులో చెప్పాలి. చెప్పనిదే మార్కుల్లేవు. డిక్షనరీలో లేని మాట పెడితే సున్నా. ఫోన్లో అర్థాలతో పని పడని మనిషి, నాకోసం వారమంతా కూర్చుని అర్థాలు నేర్చుకుని వచ్చేవారు. ఏ, ఐ రెండక్షరాలే పేర్చి “ఆయ్” అని పెట్టి, “రోజల్లా సెట్టుకి యేలాడే బద్ధకపు జంతువు. మా పాత మేనేజరు” అన్నారొకసారి. చాలా ఏళ్ల తర్వాత ఆ వసారాలో నా నవ్వు నాకు వినిపించింది.

ఇంకోసారి “హార్” పెట్టారు. అర్థం చెబుతూ మాటల్లోనే బారువ సముద్రతీరం దాకా వెళ్లిపోయారు. తెల్లారగట్ట సముద్రం మీంచి లేచి, కొబ్బరితోటల్లోకి దూరే పొగమంచట.

“మన కాడ ఉన్న మంచుకి ఆ ఇంగ్లీసోళ్ల కాడ పేరుంది. మరి మన కాడ ఉండి, ఆళ్ల కాడ పేరు నేనివి ఉండవా టీచరుగారూ?”

“ఉంటే డిక్షనరీలోకి ఎక్కేవి” అన్నాను.

మొన్న మాఘమాసంలో ఒక శనివారం ఆయన వచ్చి, బిళ్లల సంచీ ముట్టుకోకుండా కూర్చున్నారు.

“మా సంజన ఇచ్ఛాపురం వచ్చీమంతంది. కూతురు పిలిస్తే ఎల్లాల. ఎల్లాలని మాత్రం నాకు నేదు. మీరేటంతారు?”

వెళ్లొద్దని అనాలనిపించింది. అనడానికి నేనెవరిని? “ముందు బిళ్లలు తీయండి” అన్నాను.

నాలుగోసారి తన వంతు వచ్చినప్పుడు ఆయన అయిదు బిళ్లలు ఒక్కొక్కటే పేర్చారు. “వోరెన్” అని వచ్చింది. నేనెప్పుడూ వినలేదు. అర్థం అడిగాను. ఆయన అట్ట వైపే చూస్తూ చెప్పారు.

“బస్సు దిగి సందు మలుపు తిరుగుతాం. గేటు తీసి ఉంతాది. మనకోసమే తీసినారని తెలుసు. అప్పుడు లోపల ఏటో అవుతాది. దాని పేరు.”

శనివారాలు నేను పొద్దున్నే గేటు తీసి ఉంచుతానని ఆయన గమనించారని నాకు తెలియదు. నాకు భయమేసింది, అరవై రెండేళ్ల మనిషికి వేయకూడనంత భయం. భయమేస్తే నేనేం చేస్తానో నాకు తెలుసు. డిక్షనరీ తెరిచాను. ఆ పేజీ పైనుంచి కిందికి రెండుసార్లు వేలితో చూశాను.

“ఇలాంటి మాట లేదు” అన్నాను.

“నేదని తెలుసు. అవడం మాత్రం అవుతాది కదా?”

“లేని మాటకి అర్థం ఉండదు వైకుంఠరావుగారూ.” బిళ్లలు తీసి ఆయన చేతిలో పోశాను. కాగితం మీద ఆయన పేరు కింద సున్నా వేసి, అలవాటు కొద్దీ చుట్టూ ఎర్రగీత కూడా గీశాను.

ఆయన ఆట మధ్యలో ఆపలేదు. చివరిదాకా ఆడారు, ఓడిపోయారు, బిళ్లలు సంచీలో వేసి తాడు బిగించారు. వెళ్లేటప్పుడు గేటు ఆయనే దగ్గరికి వేశారు.

తర్వాత మూడు శనివారాలు ఎవరూ రాలేదు. నాలుగో వారం పొద్దున్నుంచీ ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను. ఏమనాలో కాగితం మీద రాసుకున్నాను. రాసింది దిద్దుకున్నాను కూడా. మధ్యాహ్నానికి చేశాను.

ఆయన ఇచ్ఛాపురం చేరిపోయారు. వెనకాల టీవీ మోత, ఎవరో ఒడియాలో మాట్లాడుతున్నారు. బాగున్నానని, సంజన బాగా చూసుకుంటోందని చెప్పారు. ఆట మానేశారట. కాగితం పక్కన పడేశాను.

“ఆ రోజు మీరు పెట్టిన మాట ఉంది చూడండి, నాకూ అవుతుంది. ప్రతి శనివారం అయ్యేది. ఆ మాట ఇంకోసారి చెప్పరూ.”

అవతల టీవీ మోత తగ్గించారు. ఆయన గొంతులో కోపం ఉంటే బాగుండును. లేదు. మంచి విద్యార్థి పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు.

“అలాంటి మాట నేదు టీచరుగారూ. మీరే సెప్పినారు కదా.”

నా సర్వీసు మొత్తంలో నేను చెప్పింది అంత బాగా నేర్చుకున్నవాళ్లు లేరు.