మావయ్యగారి గురక

"ఖాళీగానే ఉన్నావుగా, కాస్త ఫోన్లో ఇది చూడు," అన్నాడు మురళీకృష్ణ.

ఉదయలక్ష్మి అప్పుడు ఒళ్ళో చేట పెట్టుకుని గోంగూర ఒలుస్తోంది. పొయ్యి మీద కుక్కరు కూతకొస్తోంది. వాషింగ్ మెషీన్లో బట్టలు తిరుగుతున్నాయి. అత్తగారు ఎండబెట్టమన్న మిరపకాయలు ఇంకా సంచిలోనే ఉన్నాయి. ఇన్ని పనుల మధ్య ఉన్న మనిషి ఖాళీగా ఎలా కనిపిస్తుందో ఆమెకి ఇన్నేళ్ళ సంసారంలోనూ అర్థం కాలేదు. కూర్చుని చేసే పనేదైనా ఆయన దృష్టిలో ఖాళీ కిందే లెక్క అని మాత్రం తెలుసు.

ఎల్బీ నగర్ చౌరస్తా దాటాక లోపలి సందులో ఉన్న వాళ్ళ అపార్టుమెంటుకి మురళీకృష్ణ ఈ ఏడాది కార్యదర్శి. కార్యదర్శి ఆయనే కానీ, లిఫ్టు ఆగితే మెకానిక్‌కి ఫోన్ చేసేదీ, నీళ్ళ ట్యాంకరు కోసం వాకిట్లో నిలబడేదీ, మీటింగుకి టీ పెట్టేదీ ఉదయలక్ష్మి. ఇప్పుడు కొత్త పని వచ్చింది. పై అంతస్తు అభిరామ్ కంపెనీ పని మీద రెండేళ్ళు అమెరికాలో ఉండొచ్చాడు. అక్కడ ఆడవాళ్ళ మీదా పిల్లల మీదా అఘాయిత్యం చేసి శిక్షపడ్డవాళ్ళ జాబితా ఎవరైనా చూసుకోవచ్చట. ఇల్లు అద్దెకి తీసుకునే ముందు వీధి పేరు కొడితే మ్యాపు మీద చుక్కలు వస్తాయట. చుక్క మీద నొక్కితే మనిషి ఫొటో, పేరు, ఉండే ఇల్లు. ఆ సంగతి అతను అపార్టుమెంటు గ్రూపులో పెట్టగానే అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. మన దగ్గర అలాంటిది ఉందేమో చూసి చెప్పే బాధ్యత కార్యదర్శిగారిదయింది. అంటే ఆమెది.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో తను పనిచేసే కోచింగ్ సెంటరు రిసెప్షన్లో కూర్చుని, ఎంక్వైరీ ఫోన్ల మధ్య చూసింది. మన దేశంలోనూ అలాంటి జాబితా ఉందట. కానీ అది పోలీసులు మాత్రమే తెరవగలరట. మామూలు మనుషులకి కనిపించదు.

కనిపిస్తే మాత్రం ఏముంటుంది అందులో, అనుకుంది. శిక్షపడ్డవాళ్ళే కదా ఉండేది. శిక్షపడాలంటే కేసుండాలి. కేసుండాలంటే ఎవరో ఒక పిల్ల నోరు తెరవాలి. తెరిచిన నోటికి ఇంట్లోవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టకుండా ఉండాలి. గుంటూరులో కాలేజీకి వెళ్ళే రోజుల్లో బస్సులో రోజూ తన వెనకే నిలబడే తెల్లచొక్కా ఆయన ఏ జాబితాలో ఉంటాడు? లెక్కలు చెబుతూ బెంచీ మీద ఇంకా ఇంకా దగ్గరికి జరిగే ట్యూషన్ మాస్టారు? మొదటి ఉద్యోగంలో జీతం కవరు ఇస్తూ వేళ్ళు వదలని మేనేజరు? తన ముప్ఫై ఎనిమిదేళ్ళ జీవితాన్నంతా ఆ మ్యాపు మీద పరిచినా ఒక్క చుక్క పడదు. అంత శుభ్రంగా ఉంటుంది. తలుచుకుంటే నవ్వు రాబోయింది. ఈలోగా సెంటరు నడిపే సారు తన గదిలోంచి తొంగిచూసి, "మేడమ్, ఫోన్ మోగుతోంది. మీ గొంతుకే అడ్మిషన్లు వస్తాయి, ఎత్తండి," అన్నాడు. ఎత్తింది.

సాయంత్రం విషయం చెబితే మురళీకృష్ణ కాసేపు ఆలోచించి, "అయితే మన జాగ్రత్త మనమే పడదాం. వాచ్‌మన్, పనివాళ్ళు, బట్టలు ఇస్త్రీ చేసేవాడు, అందరి ఆధార్ కాపీలూ ఫొటోలూ తీసుకుని స్టేషన్లో ఇద్దాం. నువ్వు సేకరించు," అన్నాడు.

"మరి ఫ్లాట్లలో ఉండేవాళ్ళవి?"

"మనవి ఎందుకు? మనమంతా ఫ్యామిలీస్ కదా," అన్నాడు ఆయన, నిజంగానే అర్థం కాక.

సెల్లార్‌లో వాచ్‌మన్ కొమరయ్య గది. అడిగేసరికి అతను ట్రంకుపెట్టె తీసి ప్లాస్టిక్ కవరు బయటపెట్టాడు.

"మల్ల కాగితాలా అమ్మా? పోయినేడు లిఫ్టుల పర్సు పోతే ఇచ్చిన గదా."

"ఇది వేరేదానికి కొమరయ్యా," అంది. దేనికో చెప్పడానికి నోరు రాలేదు. అయినా అతనికి తెలిసే ఉంది. గ్రూపులో పెట్టినవి డ్రైవర్ల దగ్గరికి, అక్కణ్ణించి సెల్లార్‌కి దిగడానికి ఎంతసేపు.

"ఫొటోల నవ్వద్దన్నరు. గందుకే దొంగ లెక్క ఒచ్చింది మొకం," అన్నాడు కొమరయ్య.

"ఫొటోది ఏం తప్పు లేదమ్మా. నేను పెండ్లి చూపులనాడే అనుకున్న, గీ మొకమేంది గిట్లుంది అని," అంది అతని భార్య కాంతమ్మ, స్టవ్ దగ్గర్నించి. "కూసోండ్రి, చాయ్ పెడుతున్న. పొద్దుగాల్నుంచి నిలబడే ఉంటరు మీరు."

ఆ మాటకి ఉదయలక్ష్మి కుర్చీలో కూర్చుండిపోయింది. నిలబడే ఉంటావని ఆ రోజు ఆమెతో అన్న మనిషి కాంతమ్మ ఒక్కతే. గోడ మీది చర్చి క్యాలెండరు కింద చిన్న బల్ల మీద టీ గ్లాసు పెట్టింది. భర్త మీద అనుమానపు కాగితం పట్టుకుపోవడానికి వచ్చిన మనిషికి అల్లం దంచి వేసిన టీ.

పైకి వచ్చేసరికి ఇంట్లో హడావిడిగా ఉంది. అత్తగారు విజయదుర్గ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆవిడ మొహం వెలుగుతోంది.

"మా తమ్ముడు ఫోన్ చేశాడే అమ్మాయ్. కంటి ఆపరేషన్ ఇక్కడే చేయించుకుంటాట్ట. రెండు కళ్ళూ. వచ్చే వారం రేపల్లె నుంచి వస్తాడు, రెండు నెల్లుంటాడు."

రామారావు మావయ్యగారు. రిటైరైన హెడ్మాస్టరు. ఆయన వస్తే వంట మారాలి, నీళ్ళు వేడిగా ఉండాలి, చుక్కల మందు వేళకి వెయ్యాలి. సెలవు పెట్టుకోవాల్సింది తనే. ఆ లెక్కలు వేసుకుంటుంటే మురళీకృష్ణ అన్నాడు, "తేజూ గదిలో పడుకుంటార్లే. అది కింద పరుపేసుకుంటుంది. తాతయ్యకి రాత్రుళ్ళు నీళ్ళవీ ఇవ్వడానికి కూడా ఉంటుంది."

తేజస్విని వాళ్ళ పదకొండేళ్ళ కూతురు.

"వద్దు వద్దు," అంది విజయదుర్గ గబుక్కున. "పిల్లని హాల్లో నా పక్కన పడుకోబెట్టు. వాడికి గురక ఎక్కువ."

"గురకేంటమ్మా?" మురళీకృష్ణ నవ్వాడు. "మొన్న తిరుపతి వెళ్ళినప్పుడు రైల్లో ఎదురుబొదురు బెర్తులు మావి. ఆయన ఊపిరి చప్పుడు కూడా లేదు. నేనే గురక పెట్టానని పొద్దున్నే ఏడిపించాడు."

విజయదుర్గ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తల ఎత్తలేదు.

ఆ చెయ్యి ఆగడం ఉదయలక్ష్మి చూసింది. కూర తాలింపు వేస్తూ, పిల్ల జడ విప్పుతూ, గిన్నెలు సర్దుతూ అదే ఆలోచన. ఈ కుటుంబంలో ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ గృహప్రవేశానికి వెళ్ళినా, రాత్రి జంపకానాలు పరిచే వేళకి ఎవరో ఒకరు ఆ మాట అంటారు. పెదత్తగారు అనేది, తోడికోడలు అనేది. "పిల్లల్ని ఆ గదిలో వెయ్యకండమ్మా, రామారావుగారికి గురక." ఒక్కసారి కూడా మగపిల్లల్ని లేపి పక్కకి మార్చలేదు. ఆడపిల్లల పక్కలే మారేవి. నవ్వుతూ మార్చేవారు. ఆయన కూడా నవ్వుతూ, "అవునమ్మా, నా గురక రైలుబండే," అనేవాడు. తను కొత్త కోడలిగా ఆయన కాళ్ళకి దణ్ణం పెడితే, లేపుతూ వీపు మీద వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. పెద్దాయనలే అని సర్దుకుంది. ఎన్నేళ్ళుగా ఈ ఆడవాళ్ళంతా కలిసి ఒక్క మాటతో కాపలా కాస్తున్నారో. ఆ మాట ఆయన పరువునీ కాపాడింది, పిల్లల్నీ కాపాడింది. పిల్లల్ని కాపాడిందా నిజంగా? అక్కడ ఆమెకి ఆడపడుచు నాగేశ్వరి గుర్తొచ్చింది. మావయ్యగారు వస్తున్నారంటే ఏ శుభకార్యానికీ రాని నాగేశ్వరి. "దానికి మొదట్నించీ పొగరు," అని అందరూ అనుకునే నాగేశ్వరి.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఆటో ఎక్కి చంపాపేట వెళ్ళింది. నాగేశ్వరి ఇంట్లోనే కుట్టుమెషీన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. వదినని వేళకాని వేళలో చూసి మెషీన్ ఆపింది.

"అమ్మకేమైనా అయిందా వదినా?"

"లేదు. మీ మావయ్యగారు వస్తున్నారు. రెండు నెలలు. తేజూ గదిలో," అంది ఉదయలక్ష్మి. ఇంకేం అడగాలో ఆమెకి తెలియలేదు.

నాగేశ్వరి సూదికింద ఉన్న గుడ్డని నిదానంగా బయటికి లాగి, దారం తెంపింది.

"నేను ఏడో తరగతి. వేసవి సెలవులకి రేపల్లె వెళ్ళాం," అంది. తర్వాత ఆమె చెప్పింది పెద్ద కథేం కాదు. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలూ అయ్యాక, "అమ్మకి చెప్పాను. ఆ రాత్రి నా పక్క మార్చింది. అంతే," అంది.

"మీ అన్నయ్యకి తెలుసా?"

"వాళ్ళకెవరు చెప్తారు వదినా. మగపిల్లలు ఎక్కడ పడుకున్నా ఫర్వాలేదుగా. ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు కూడా. నువ్వే అడిగావు." మంచినీళ్ళ గ్లాసు వదిన చేతికిచ్చి, అప్పుడు కళ్ళు తుడుచుకుంది. "నా పేరు చెప్పు. చెప్పొచ్చు. తేజూకంటే నాకు పరువేం ఎక్కువ కాదు."

ఆటోలో తిరిగి వస్తుంటే ఉదయలక్ష్మికి భయం వేసింది. అత్తగారు ఏమంటుందోనని కాదు. చెప్పాక మురళీకృష్ణ నమ్మకపోతే, ఆ ఇంట్లో తను రేపట్నించి ఎవరిని నమ్ముకుని వంట చెయ్యాలి? నోరు మూసుకుని తనే పిల్ల గదిలో పడుకుంటే సరిపోతుంది కదా అని కూడా అనిపించింది. పక్క మార్చడం. మళ్ళీ అదే. దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచింది.

తేజస్విని డాన్సు క్లాసుకి వెళ్ళిన వేళ చూసి, అత్తగారు వింటుండగానే చెప్పింది. మురళీకృష్ణ మొహం ఎర్రబడింది.

"నాగేశ్వరి చెప్పిందా? ఎప్పటి సంగతి? పాతికేళ్ళ తర్వాతా చెప్పేది? ఆయన నాకు అక్షరాభ్యాసం చేయించాడు తెలుసా. రుజువేముంది?"

"కొమరయ్య దగ్గర కాగితాలు ఏ రుజువుతో అడిగామండీ?"

"అది వేరు. వాళ్ళు బయటివాళ్ళు."

"అవును. అందుకే అడగ్గలిగాం."

"సరే, వద్దని చెప్తావ్. ఎందుకమ్మా అని ఆయన అడుగుతాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, కళ్ళు కనబడక వస్తున్నవాడు. ఏం చెప్తావు? ఆ మాట నీ నోటితో ఎలా అంటావు?"

ఆ మాట కోసమే ఆమె ఆటో దిగినప్పట్నించీ వెతుకుతోంది. అప్పుడు విజయదుర్గ సోఫాలోంచి లేచింది. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేస్తుంటే కొడుకు చెయ్యి అందించబోయాడు, వద్దన్నట్టు తల ఊపింది. కొడుకు వంక చూడకుండా కోడలి దగ్గరికి వచ్చి, కొంగున పెట్టుకున్న తన ఫోను తీసి, తమ్ముడి నంబరు తెరిచి, ఆమె చేతిలో పెట్టింది.

"నా వల్ల కాలేదమ్మా. అప్పుడూ కాలేదు. నువ్వు చెయ్యి," అంది.

ఉదయలక్ష్మి స్పీకరు పెట్టి నొక్కింది. వెంటనే ఎత్తాడు.

"అక్కయ్యా, టికెట్ తీసుకున్నానే. తేజూకి పూతరేకులు తెస్తున్నా."

"నేను ఉదయనండీ మావయ్యగారూ," అంది. "మీరు మా ఇంటికి రావద్దు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ వద్దు."

అవతల టీవీలో ఎవరో వార్తలు చదువుతున్నారు. ఆ చప్పుడు తగ్గింది.

"అక్కయ్య అక్కడే ఉందా?" అన్నాడు.

"ఉన్నారు. మీ మేనల్లుడు కూడా ఉన్నారు."

మురళీకృష్ణ ఫోను మీదికి వంగాడు. మావయ్య నోటినుంచి రావలసిన మాట కోసం, ఆ మాట రాగానే తను అందుకుని సర్దిచెప్పడానికి, పెదాలు సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు.

"సరేనమ్మా," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మురళీకృష్ణ ఆ ఫోను వంకే చూశాడు. ఎందుకు అని మావయ్య అడగలేదు.