పీలా చేతులు

పదకొండు దాటింది. వర్లి శ్మశానం వెనక సముద్రపు గోడ మీద కాకులు బారులు తీరి కూర్చున్నాయి గానీ ఒక్కటీ కిందికి దిగడం లేదు.

విస్తట్లో పెట్టినవన్నీ ఏడేళ్ళుగా అతుల్ నోటికి అందనివే. ఆలుగడ్డ వేపుడు, మామిడికాయ తొక్కు, టమాటా పప్పు, రెండు అరటిపళ్ళు. కిడ్నీలు చెడిన మనిషికి ఇవన్నీ విషంతో సమానమని డాక్టర్లు చెప్పారు. తల్లి రత్నాబాయి పొద్దున్నే లేచి, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా అన్నీ తానే వండింది. విస్తరి పక్కన పెద్ద కంచు చెంబు పెట్టింది. బతికున్నన్నాళ్ళూ కొలిచి కొలిచి రోజుకు మూడు గ్లాసులే పోసిన తల్లి, ఇవాళ ఆ చెంబులో అంచుదాకా నీళ్ళు పోసింది.

పదో రోజు కాకి ముట్టాలి. ముట్టలేదంటే పోయినవాడి మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు లెక్క. అదేమిటో కనిపెట్టి, చేతులు జోడించి, మేం చేస్తామని పైకి మాటివ్వాలి. కామాఠీపురా తెలుగువాళ్ళ తాతలు పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి బొంబాయి వచ్చినప్పుడు దారిలో ఏమేం పారేసుకున్నారో తెలియదు గానీ, ఈ ఆచారాన్ని మాత్రం జారిపోనివ్వలేదు. తెలుగు చదవడం మర్చిపోయిన ఇళ్ళలో కూడా కాకికి తెలుగులోనే చెబుతారు.

ముందుగా పెద్దనాన్న దుర్గయ్య గొంతు సవరించుకున్నాడు. వర్లి నుంచి కామాఠీపురా దాకా, తెలుగువాళ్ళుండే వరసగదుల చాళ్ళలో ఏ ఇంట్లో చావైనా పెద్దరికం ఆయనదే.

"అతులూ, మీ అక్క షాదీ మేం చేస్తం రా. నువ్వు ఫికర్ చెయ్యకు."

అందరూ ప్రణాలి వంక చూశారు. కాకులు చూడలేదు. ఎవరి గోల వారిది, ముప్పై ఒక్కేళ్ళొచ్చినా తమ్ముడి కూతురికి పెళ్ళి కాలేదన్నది దుర్గయ్య గోల.

తండ్రి తుకారాం ముందుకు వచ్చాడు. తాళ్ళకు వేలాడుతూ పదంతస్తుల మేడలకు రంగులు వేసిన మనిషికి, ఆ నేల మీద నిలబడటానికి గోడ ఆసరా కావలసి వచ్చింది. "మీ అమ్మను చూసుకుంట బిడ్డా," అన్నాడు. కాకులు కదల్లేదు. రత్నాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బీపీ గోలీలు టైంకు ఏసుకుంట రా, ఇగ మర్చిపోను," అంది. అయినా కదల్లేదు.

అతుల్ కోరిక ఏమిటో ప్రణాలికి తెలుసు. ఆమెకొక్కదానికే తెలుసు. పదిమంది పెద్దల ముందు టీవీ సీరియల్ ఊసు ఎత్తడానికి సిగ్గుపడి నోరు మూసుకు నిలబడింది. ఆ సిగ్గు వెనక ఇంకొకటి కూడా ఉంది. ఆ మాట అంటే తమ్ముడు నిజంగా పోయినట్టే.

ఆమెకు పద్నాలుగేళ్ళు, అతుల్‌కు పదేళ్ళు ఉన్నప్పుడు, సాయంత్రం ఐదింటికి పిల్లల ఛానెల్లో జపాన్ సీరియల్ ఒకటి హిందీలో వచ్చేది. దాని జపాన్ పేరు కామాఠీపురాలో ఎవరి నోరూ తిరిగేది కాదు, హిందీలో 'పాంచ్ మశాల్', ఐదు కాగడాలు, అనేవారు. ఐదుగురు మామూలు మనుషులు. చేతి కడియం తిప్పగానే ఐదు రంగుల కవచాలు వచ్చి ఒంటిని కప్పేసేవి. వారానికో రాక్షసుడు ఊరి మీద పడేవాడు, ఐదుగురూ కలిసి వాణ్ణి మట్టుపెట్టేవారు. గల్లీలో పిల్లలందరికీ ఎర్రవాడే కావాలి, నాయకుడు కదా. అతుల్‌కు మాత్రం పసుపువాడు కావాలి. అందరూ 'పీలా' అనేవారు. లావుపాటివాడు, తిండిపోతు, నాలుగు మాటలు కూడబలుక్కుని చెప్పలేనివాడు. బరువు ఏదన్నా ఎత్తాల్సి వస్తే మాత్రం వాణ్ణే పిలిచేవారు.

"వీడు మన తాత లెక్కనే ఉన్నడక్కా," అనేవాడు అతుల్. నిజమే. రాళ్ళు మోసీ మోసీ తాత మెడ కూడా భుజాల్లోకి దిగిపోయి ఉండేది.

నలభై రెండో భాగంలో పీలా చచ్చిపోయాడు. సొరంగం కూలుతుంటే, కిందికి దిగుతున్న ఇనుప ద్వారాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. బడిపిల్లలూ, మిగతా నలుగురూ వాడి చంకల కింద నుంచి బయటపడ్డారు. ద్వారం పడింది, పొగ లేచింది, అంతే. మరుసటి వారం ఇంకెవడో పసుపు కవచం తొడుక్కుని ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడ్డాడు.

అతుల్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. బెదిరించారు, బతిమాలారు. మూడో రోజు ప్రణాలి తన లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో రెండు వాక్యాలు రాసి వాడి చేతికిచ్చింది. 'ద్వారం పడలేదు. పీలా ఇంకా పట్టుకునే ఉన్నాడు.' వాడు చదివాడు, ఇంకోసారి చదివాడు, కంచం ముందుకు లాక్కున్నాడు.

తమ్ముడికి నాలుగు ముద్దలు తినిపించడానికి అక్క ఆడిన ఆ అబద్ధం మీద అతుల్ పదిహేడేళ్ళు కథ రాశాడు. తమ అభిమాన సీరియళ్ళకు సొంత కథలు అల్లి పెట్టేవాళ్ళ సైటు ఒకటి దొరికాక, అచ్చమైన బొంబాయి హిందీలో నెలకో రెండు నెలలకో ఒక భాగం పెట్టేవాడు. పాట్నా నుంచి, నాగపూర్ నుంచి, గువాహటి నుంచి నాలుగువందల మంది చదివేవారు. కథలో పీలా భూమి కింద ద్వారం మోస్తూ నిలబడే ఉంటాడు. ఎవరెవరో దిగివచ్చి వాడితో మాట్లాడతారు. వాళ్ళమ్మ అంబలి తెచ్చి తాగిస్తుంది. 'అంబలి అంటే ఏంటి భాయ్' అని పాట్నా అమ్మాయి అడిగితే, జొన్నపిండి పులవబెట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టి పేజీ నిండా రాశాడు, తాను తాగడానికి వీల్లేని అంబలి గురించి.

మాటలన్నీ అతుల్‌వి. యుద్ధాలు మాత్రం ప్రణాలివి. గ్రాంట్ రోడ్‌లో కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తూ, గిరాకీ లేనప్పుడు కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని రాసి పంపేది. అతుల్‌కు కొట్లాటలు రాయడం చేతనయ్యేది కాదు. వాడు రాస్తే రాక్షసుడు కూడా పక్కన కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవాడు.

అతుల్‌కు ఇరవయ్యో ఏట కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎడమ చెయ్యి యంత్రానికి అప్పగించి, కుడిచేతి బొటనవేలితో పీలా కథ రాసుకునేవాడు. అక్క కిడ్నీ సరిపోతుందని తేలిన రోజు ఇంట్లో పండగ చేసుకున్నారు. తర్వాత తమ్ముడి గుండె ఆపరేషన్‌ను తట్టుకోదని తేలింది.

పోవడానికి మూడు వారాల ముందు, ఆస్పత్రి మంచం మీద ఫోన్ పక్కన పెట్టి అడిగాడు.

"అక్కా, నూట పదమూడు అయిపోయినయ్. నూట పద్నాలుగు నువ్వు రాయి. అదే ఆఖరుది."

"ఆఖరుదేంది?"

"పీలాను ద్వారం వదిలెయ్యమను. చేతులు నొస్తున్నయక్కా వానికి."

ప్రణాలికి ఒళ్ళు మండింది. చుట్టూ మంచాల్లో మనుషులున్నారని కూడా చూడకుండా అరిచింది. "వాడు చావడు. నా చేతితోటి నేను చంప. నీకంత షౌక్ ఉంటే నువ్వే రాస్కో!"

"నాకు రాదు కదా. అది కొట్లాట," అన్నాడు అతుల్ నవ్వుతూ. మళ్ళీ అడగలేదు.

తర్వాత జ్వరం వచ్చింది, రక్తంలో విషం పాకిందన్నారు. నాలుగు రోజులే. చివరి పొద్దున వాడి కుడిచెయ్యి మంచం కమ్మీని పట్టుకుని అలాగే బిగుసుకుపోయి ఉంది. నర్సు చెబితే, ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీసింది ప్రణాలే.

"ఇగ దర్భ కాకి చేద్దామా అయ్యగారూ?" విస్తరి దగ్గర, కర్మ చేయిస్తున్న పురోహితుణ్ణి దుర్గయ్య గొంతు తగ్గించి అడిగాడు. నిజం కాకి రాకపోతే గడ్డితో కాకిని చేసి ముట్టించి ముగించడం ఉన్నదే. పొద్దున్నుంచి ఎవరి కడుపులోనూ మెతుకు పడలేదు, పాపం ముసలివాళ్ళున్నారు. అయ్యగారు దర్భ కోసం సంచిలో చెయ్యి పెట్టాడు.

గడ్డికాకి! ప్రణాలి ఇక ఆగలేదు. ఎవరిని తోసుకుందో చూసుకోకుండా విస్తరి ముందుకు వచ్చి చేతులు జోడించింది.

"అతులూ, నీ కథ పూర్తి చేస్త."

గోడ మీద నుంచి ఒక కాకి దిగింది. రెండు గెంతులు గెంతి, విస్తరికి మూరెడు దూరంలో ఆగి, మెడ పక్కకు వంచి చూసింది. వెనక ఎవరో 'ముడుతది, ముడుతది' అన్నారు. ముట్టలేదు. అలాగే చూస్తూ నిలబడింది.

కాకికేం తెలుసు, జనాన్ని చూసి జంకి ఉంటుందంటారా? అనండి. ప్రణాలికి మాత్రం దొంగతనం బయటపడినట్టయింది. ఎందుకంటే తాను పూర్తి చేస్తానన్న కథ వేరు. పది రోజులుగా మనసులో రాసుకుంటున్నది వేరు. మిగతా నలుగురూ కిందికి వస్తారు, ఐదుగురూ కలిసి ద్వారాన్ని పైకి లేపేస్తారు, పీలా నవ్వుకుంటూ ఎండలోకి నడిచి వస్తాడు. అబద్ధంతో మొదలుపెట్టినది అబద్ధంతోనే ముగిద్దామనుకుంది.

ఏడుపు తన్నుకొచ్చింది. పది రోజులుగా రానిది, ఆస్పత్రిలో కూడా రానిది.

"పీలా చేతులు దించుతడు రా! నేనే దింపిస్త. ఇగ మొయ్యనియ్య. నొస్తున్నయన్నవు కదా... నేను ఇననే లేదు. ఇంకా పట్టుకో, ఇంకా పట్టుకో అంటనే ఉన్న. మాఫ్ చెయ్యి తమ్మీ. దించెయ్."

కాకి ముందుకు నడిచి, ఆలుగడ్డ వేపుడు కలిపిన ముద్దను ఒకసారి పొడిచి, రెండోసారి నోట కరుచుకుని గోడ మీదికి ఎగిరిపోయింది. దాని వెనక మిగతావి దిగాయి. దుర్గయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. తుకారాం గోడకు ఆనుకుని కూలబడి, మొహం చేతుల్లో దాచుకున్నాడు.

కాళ్ళు కడుక్కునే దగ్గర పెద్దమ్మ వచ్చి, ప్రణాలి చెవి దగ్గర నోరు పెట్టింది. "పీలా ఎవరే పోరీ? అతుల్ మనసు పడ్డ పిల్లనా? మనోళ్ళేనా?"

రత్నాబాయే జవాబు చెప్పింది. "పిల్ల కాదక్కా. మా ఇంట్ల పదిహేడేండ్ల సంది ఉన్నోడే. వాడు నాకు రెండో కొడుకు." పెద్దమ్మకు ఏమీ అర్థం కాలేదు గానీ, ఆ సమయంలో మళ్ళీ అడగడం బాగుండదని ఊరుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ప్రణాలి చాల్ గ్యాలరీలో పీట వేసుకుని కూర్చుని నూట పద్నాలుగు రాసింది. కింద ఫోరస్ రోడ్ రొద, పక్కింట్లో కుక్కర్ విజిల్స్. పదిహేడేళ్ళుగా ఎన్నో యుద్ధాలు రాసిన చెయ్యి, ఈ ఒక్కదాని దగ్గర ఐదారుసార్లు ఆగింది. చివరకు రాక్షసుణ్ణి పెట్టలేదు. కవచాలు లేకుండా, జుట్టు నెరిసిన నలుగురు స్నేహితులు భూమి కిందికి దిగివస్తారు. ద్వారం ఎత్తరు. ఆ రోజు వాడి చంకల కింద నుంచి తప్పించుకున్న బడిపిల్లల పేర్లు ఒక్కొక్కటే చెబుతారు. ఫలానావాడు బేకరీ పెట్టాడు, ఫలానా అమ్మాయి టీచరైంది, అందరూ బాగున్నారు పీలా, ఇక ఎవరూ లోపల మిగల్లేదు. అలా చెబుతూ ఇనుము మీద బిగుసుకున్న వాడి వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీస్తారు. ద్వారం మెల్లగా, చప్పుడు లేకుండా దిగుతుంది.

పేరు దగ్గర అతుల్ అనే పెట్టింది. పంపే ముందు తల్లికి చదివి వినిపించింది. హిందీలో ఉన్నదాన్ని ఇంటి తెలుగులోకి మార్చుకుంటూ చదివింది. రత్నాబాయి బియ్యం చాట ఒళ్ళో పెట్టుకుని వింది. రాళ్ళు ఏరడం ఎప్పుడో ఆపేసింది.

"మంచిగ రాసినవు," అంది చివరికి. చాట పక్కన పెట్టి అడిగింది. "నీళ్ళు తాగిండా?"

"ఎవరమ్మా?"

"పీలా. పొయ్యే ముందు నీళ్ళు తాగిండా? ఆ రోజు కాకి బువ్వ ముట్టింది గని చెంబు ముట్టలే. నేను చూస్తనే ఉన్న."

అందరూ కాకినే చూశారు. చెంబును తల్లి ఒక్కతే చూసింది.

ప్రణాలి ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. వేళ్ళు విడదీసిన చోటికి వెనక్కి వెళ్ళి, ద్వారం దిగకముందు రెండు వాక్యాలు చేర్చింది. రాసి, తల్లి వైపు తిరిగి తెలుగులో చదివింది.

"వాళ్ళమ్మ చెంబు అందించింది. పీలా రెండు చేతులతో పట్టుకుని, కొలత లేకుండా, కడుపునిండా నీళ్ళు తాగాడు."