చన్నీళ్లలో పెట్ట

నరసమ్మ పెట్టను రెండు చేతులా పట్టుకుని బకెట్టులో ముంచింది. తల పైకి ఉంచి, పొట్ట మునిగేదాకా. అప్పుడే కొళాయిలో పట్టిన నీళ్లు, వేళ్లకు జివ్వుమంటున్నాయి. పెట్ట అరవలేదు, రెక్కలు కొట్టుకోలేదు. నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

గోడ అవతల నుంచి పక్కింటి రహమత్‌బీ తొంగిచూసింది. పళ్లపొడి వేలు ఇంకా నోట్లోనే ఉంది.

"ఏందక్కా, పొద్దున్నే కోడికి బాప్తీస్మం ఇస్తాండావా?"

"పొదుగుకొచ్చింది రహమత్‌బీ. నిన్నట్నుంచి గంప దిగల్యా. గుడ్లు పెట్టకుండానే కూచుంటే దేన్ని పొదుగుతాది, నా తలకాయనా?"

"మా పుంజు మీ దొడ్లోనే ఇల్లరికపల్లుడు మాదిరి తిరుగుతాంది గదా. దాని కష్టమంతా యాడికి పోయింది?"

"కానుకల్లోకి పోయింది."

నిజమే. పెట్ట పెట్టిన గుడ్లన్నీ నరసమ్మ ఆదివారం గుడ్డలో చుట్టుకుని చర్చికి తీసుకుపోయేది. ఆరాధన అయ్యాక పాస్టరుగారు వాటిని వేలం వేసేవాడు. ఇకనుంచి పెట్టేవి మాత్రం పొదిగించాలని అనుకుంది. అనుకున్న వారంలోనే పెట్ట గంపలో కూర్చుండిపోయింది.

పొదుగుకొచ్చిన పెట్టను మళ్లీ గుడ్లమీదికి తేవడానికి ఆ వీధిలో అందరూ చేసేదే ఆమె కూడా చేసింది. నీళ్లలో ముంచి తీసి, రాలిన ఈక ఒకటి దాని ముక్కుల్లో అడ్డంగా దూర్చింది. కూర్చోవడానికి చోటు లేకుండా గంపను అటకమీద పెట్టేసింది. చీర కుచ్చిళ్లు దులుపుకుని, వంట చేయడానికి బడికి బయలుదేరింది.

చక్రాయపేట నుంచి కొత్తపెళ్లికూతురిగా వేములకు వచ్చిన రోజు, బస్సెక్కేముందు వాళ్లమ్మ ఒక పెట్టను వెదురుగంపలో మూసి ఆమె ఒళ్లో పెట్టింది. కండక్టరు కోడికీ టికెట్టు తీయమన్నాడు. "అది మా మరదలు సార్, అక్క ఒళ్లోనే కూచుంటాది" అన్నాడు ఆమె మొగుడు యేసుబాబు. బస్సంతా నవ్వింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వేంపల్లె దాకా నవ్వుతూనే ఉంది. ఆ గంపలోంచి వచ్చిందే ఈ సంతు: ఎర్రమెడ, నెత్తిన బొటనవేలంత జుట్టు, తల్లీ కూతుళ్లూ మనవరాళ్లూ అంతా ఒకటే పోలిక. నరసమ్మకు పిల్లలు కలగలేదు. అరటిగెలలు లారీలకెత్తే యేసుబాబు ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాడు. దొడ్లో మాత్రం ఆ ఎర్రమెడలు తిరుగుతూనే ఉన్నాయి. పోయిన వేసవిలో తెగులు తగిలి ఒకటొకటే తలలు వాల్చేశాయి. మిగిలింది ఈ పెట్ట ఒక్కటే.

బడిలో పెద్ద దబరలో గుడ్లు ఉడికాయి. నరసమ్మ, తోటి వంటమనిషి వనజ ఎదురెదురుగా కూర్చుని వాటిని ఒలుస్తున్నారు. వనజ గుడ్డును చేతులు మార్చుకుంటూ ఊదుకుంటోంది. నరసమ్మ వేళ్లకు వేడి తెలియడం ఎప్పుడో మానేసింది.

"మా పెట్ట పొదుగుకొచ్చింది వనజా. మొన్న తోలుగుడ్డు పెట్టింది, పెంకే లేదు. ఆ మర్నాటినుంచి కూచునింది."

"చెయ్యి పెడితే పొడుస్తాందా?"

"ల్యా."

"పొదుగుమీదుండే పెట్ట పొడవకుండా ఊరుకుంటాదా అక్కా? అది మనిషి చెయ్యి కాదు, పామన్నట్టు ఎగురుతాది. తోక ఎట్లుంది? ముక్కుతాందా?"

నరసమ్మ చేతులు ఆగాయి. పొద్దున బకెట్టులో ఆ తోక కిందికీ పైకీ ఆడింది. చలికి అనుకుంది.

బయట గంట కొట్టారు. పిల్లలు కంచాలు వాయించుకుంటూ వరసకట్టారు. ఆమె మిగిలిన గుడ్లు ఒలిచింది.

"అవ్వా, నాకు పెద్దది ఏయి" అంది ఒక పిల్ల.

"అన్నీ ఒక తల్లి బిడ్డలే, పట్టు" అంది నరసమ్మ. ఆ మాట రోజూ అనేదే.

గిన్నెలు కడిగి ఇల్లు చేరేసరికి ఎండ గోడ ఎక్కింది. పెట్ట దొడ్లో బట్టలుతికే బండ మూలకు ఒదిగి నిలబడి ఉంది. పొట్టకింది ఈకలు ఇంకా ఆరలేదు. నరసమ్మ ముందు దాని ముక్కులో ఈక లాగేసింది. తర్వాత తోక కింద వేలు పెట్టి చూసింది. బయటికి రాలేక ఇరుక్కున్న గుడ్డు గట్టిగా, గుండ్రంగా తగిలింది.

పిలవకముందే రహమత్‌బీ వచ్చింది. నీళ్లు కాచి, చన్నీళ్లతో గోరువెచ్చగా తొరిపి బేసినులో పోశారు. నరసమ్మ వేలికి ఆముదం రాసుకుంది. రహమత్‌బీ తల పట్టుకుని, కాన్పుకొచ్చిన కూతురితో మాట్లాడినట్టు మాట్లాడుతూనే ఉంది. "ఇంకొంచెం బేటీ, ఐపాయ, ఐపాయ."

చాలాసేపటికి నరసమ్మ అరచేతిలోకి గుడ్డు జారింది.

"వచ్చింది! వచ్చిందక్కా!" రహమత్‌బీ నవ్వింది.

నరసమ్మ మోచేతిమీద పెట్ట మెడ బరువెక్కి, అలాగే ఉండిపోయింది. రహమత్‌బీ నవ్వు ఆపి, దాని కళ్లలోకి వంగి చూసింది.

"పొద్దున సూసి గూడా పరాచికాలాడినానే గాని..."

"నా బతుకంతా కోళ్లతోనే గదా. నాకే తెలీల్యా."

ఇద్దరూ దొడ్లో గుంట తీసి పూడ్చారు. రహమత్‌బీ చేతులు కడుక్కుని గడపలో నిలబడింది.

"మా బొల్లిపెట్టను నిన్ననే పొదగేసినా. దాని కిందికే తోస్తా, ఆ గుడ్డు ఇయ్యక్కా."

"రేపు తీస్కపో. ఈ పూటకు ఈడుండనీ."

నరసమ్మ గ్లాసులో గుప్పెడు బియ్యం పోసి, దొర్లకుండా గుడ్డును అందులో నిలబెట్టింది. పెద్ద గుడ్డు. ఒక పక్క సున్నం పొక్కినట్టు గరుకుగా ఉంది. నడుము చుట్టూ దారమంత రక్తపు చార మెల్లగా గోధుమరంగుకు తిరుగుతోంది. పెంకు ఇంకా వెచ్చగానే ఉంది.